ఆయన సినిమాల్లో ఎవరూ చనిపోరు

మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఏదో పాత సినిమా వస్తోంది. పేరు కూడా చూడలేదు. తల్లి మంచం మీద ఉంది, కూతురు గుమ్మంలోంచి పరుగెత్తుకొస్తోంది. సరిగ్గా అక్కడ ఆపి పళ్లపొడి ప్రకటన వేశారు. సినిమాలు చూసి కళ్లు తుడుచుకునే రకం కాదు నేను. అలాంటిది ఆ పళ్లపొడిని చూస్తూ కూర్చుని ఏడ్చాను. ఎదురింటి అంకుల్ గుర్తొచ్చారు. ఆయనే ఉంటే ఈపాటికి కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఇదిగో, ఇక్కడ కొయ్యాలి" అనేవారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఢిల్లీ మయూర్ విహార్‌లోని మా సొసైటీలో అందరికీ ఆయన అంకులే, గేటు దగ్గరి గార్డు భయ్యాతో సహా. కేంద్ర ప్రభుత్వంలో ఏదో మంత్రిత్వ శాఖలో చేసి రిటైరయ్యారు. తెనాలి వైపు మనిషి. నేను హనుమకొండ దాన్ని. ఉద్యోగం గురుగ్రామ్‌లో. వారంలో సగం రోజులు మెట్రోలో, సగం రోజులు ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు గడుస్తాయి. వాళ్లకి ఎదురు ఫ్లాట్‌లో అద్దెకు దిగిన కొత్తలోనే ఆయన వచ్చి తలుపు తట్టారు.

"నువ్వు కంప్యూటర్ల కంపెనీలో చేస్తావటగా అమ్మా? లినక్స్ వచ్చా?"

ఆ వయసు మనిషి పేపరో పంచదారో అడుగుతారనుకున్నాను. "వస్తది అంకుల్, ఎందుకు?" అన్నాను.

"ఒక విషయం పరిశీలనలో ఉంది. నువ్వొకసారి వచ్చి చూడు."

ఈ 'పరిశీలనలో ఉంది' ఆయనకి ఊతపదం. కూరల బండివాడు బెండకాయలు లేతగా ఉన్నాయంటే పరిశీలనలో ఉంది. భోంచేశారా అంకుల్ అంటే పరిశీలనలో ఉంది. సర్వీసంతా ఫైళ్ల మీద రాసీ రాసీ ఆ మాట నోటికి అతుక్కుపోయింది. నవ్వకుండా అనేవారు కాబట్టి ఎదుటివాళ్లకి నవ్వాలో వద్దో తెలిసేది కాదు. నేను మాత్రం నవ్వేసేదాన్ని.

వెళ్లి చూస్తే పడగ్గదిలో ఒక ముసలి డెస్క్‌టాప్ ఉంది. బాల్కనీలో ఉన్న డిష్ నుంచి వైరు లాగి దాని వెనక గుచ్చారు. ఛార్జీ లేని ఛానళ్లలో మధ్యాహ్నం పూట వచ్చే పాత తెలుగు సినిమాలన్నీ అందులో రికార్డవుతున్నాయి. ఆ కంప్యూటర్ వయసుకి ఇంకేదీ నడవదని ఆఫీసులో కంప్యూటర్ సెల్ వాళ్లెవరో విండోస్ బదులు లినక్స్ వేసిచ్చారట. ఆయనకది తెగ నచ్చేసింది. "చెప్పింది చేస్తుంది, చెప్పనిది చెయ్యదు. నా సర్వీసు మొత్తంలో ఇలాంటి సెక్షన్ ఒక్కటి దొరకలేదమ్మా" అనేవారు. ఆ నల్ల తెర మీద కమాండ్ టైపు చేసి, ఎంటర్ కొట్టే ముందు దాన్ని పైకి చదివేవారు. కంప్యూటర్‌ని 'మీరు' అనేవారు. "కానివ్వండి" అంటూ ఎంటర్ నొక్కేవారు.

నాకు విసుగొచ్చింది. "ఫోన్‌ల అన్ని సినిమాలు దొరుకుతయి కదా అంకుల్. ఈ తిప్పలెందుకు?" అన్నాను.

ఆయన లేచారు. హాలు వైపు చూపించి, "కాసేపు అక్కడ కూర్చో" అన్నారు.

హాల్లో ఆంటీ టీవీ చూస్తోంది. చక్కగా దువ్వుకున్న జడ, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు. సినిమాలో పాట అయిపోయి ప్రకటనలు మొదలయ్యాయి. ఆవిడ వెంటనే లేచి, కొంగు సర్దుకుని, బ్యాగు భుజాన వేసుకుంది. "సినిమా అయిపోయిందండీ. పదండి, చీకటి పడకముందే ఇంటికెళ్లాలి" అంటూ గుమ్మం దగ్గరికి వెళ్లి గడియ లాగడం మొదలుపెట్టింది. గడియ రాకపోయేసరికి రెండు చేతులతో గుంజుతోంది. అంకుల్ గదిలోంచి వచ్చారు. చెప్పులేసుకుని ఆవిడ చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్లారు. పార్కు చుట్టూ ఒకసారి తిప్పి, మళ్లీ అదే గుమ్మం ముందుకి తీసుకొచ్చి, "ఇల్లొచ్చింది, రా" అన్నారు. "అమ్మయ్య" అంటూ ఆవిడ లోపలికొచ్చింది. సినిమాలో ఎన్నిసార్లు ప్రకటనలొస్తే అన్నిసార్లు ఆయన చెప్పులేసుకోవాలి. ఫోన్ లో చూసినా మధ్యలో ప్రకటనలు తప్పవు.

ఆవిడకి మతిమరుపు జబ్బు. ఢిల్లీలో అన్నేళ్లు కాపురం చేసి, మండీలో గీచి గీచి బేరాలాడిన మనిషికి ఆ జబ్బుతో హిందీ మొత్తం పోయింది. తెలుగు ఒక్కటి మిగిలింది. వాళ్ల ఒక్కగానొక్క అమ్మాయి, నేను దీదీ అంటాను, గురుగ్రామ్‌లో ఉంటుంది. ఆ అమ్మాయికి తెలుగు ముక్కలు ముక్కలుగా అర్థమవుతుంది గానీ మాట్లాడదామంటే హిందీయే వస్తుంది. ఫోన్ చేస్తే తల్లి ఒక భాషలో, కూతురు ఒక భాషలో మాట్లాడుకుని, ఇద్దరూ అంకుల్ చేతికి ఫోనిచ్చేసేవారు.

ఆ రోజు నుంచి ఆయన అడిగినప్పుడల్లా వెళ్లేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ కాస్త తిట్టుకుంటూ వెళ్లేదాన్ని, ఎందుకంటే ఆయన ఏదీ ఒక పట్టాన ఒప్పుకోరు. మధ్యాహ్నం రికార్డయిన సినిమాను మర్నాడు పొద్దున కాఫీ తాగాక కోసేవారు. మౌసు ముట్టుకోరు. బాణం గుర్తు మీట మీద చూపుడు వేలుంచి ఒక్కో బొమ్మే జరుపుకుంటూ పోతారు. ప్రకటన అంచుకి రాగానే కళ్లజోడు నుదుటి మీదికి వెళ్తుంది, ముఖం తెరకి ఆనుకుంటుంది.

ఇందులో ఒక చిక్కుంది. ఇలా రికార్డయిన సినిమాలో ప్రతి బొమ్మా పూర్తి బొమ్మ కాదు. అప్పుడప్పుడూ ఒక నిండు బొమ్మ వస్తుంది. దాని తర్వాత వచ్చేవి ఏం మారిందో అంతవరకే చెప్తాయి. నిండు బొమ్మ దగ్గర తప్ప ఇంకెక్కడ కోసినా తెరంతా చదరాలు చదరాలుగా చెదిరిపోతుంది. మొత్తాన్ని కొత్తగా తయారుచేసుకుంటే ఎక్కడ కావాలంటే అక్కడ కొయ్యొచ్చని నేను చెప్పాను. "వండిన అన్నాన్ని మళ్లీ వండుతామా? రుచి పోతుంది" అని కొట్టిపారేశారు. దాంతో ఒక్కోసారి ప్రకటన తోక సినిమాలో ఉండిపోయేది. నాయకుడు నాయిక చెయ్యి పట్టుకోగానే ఎవరో సగం సబ్బు పాట పాడి మాయమయ్యేవాళ్లు. ఆంటీ ఆ సగం ముక్కను పట్టుకుని రోజంతా కూనిరాగం తీసేది. ఆయన తల పట్టుకునేవారు.

వారమంతా కోసిన సినిమాలన్నీ శనివారం రెండో డిస్కులోకి వెళ్లాలి. ఆ డిస్కు బీరువాలో పట్టుచీరల మధ్య ఉండేది. దేన్నించి దేనికి వెళ్తోందో పొరపడితే అంతే సంగతులు కాబట్టి, రెండు డిస్కుల మీదా వేలు పెట్టి, "ఇందులోంచి, ఇందులోకి" అని పైకి చెప్పుకుని, నా వైపు చూసేవారు. నేను తలూపాక "కానివ్వండి" అనేవారు. పనైపోయాక సినిమాను పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి తగిలిస్తే, ఆంటీ ఆది నుంచి అంతం దాకా కదలకుండా చూసేది. ఆ పూట ఆయన చెప్పులేసుకునే పని ఉండేది కాదు. అప్పుడు ఆయన ముఖం చూడాలి. నన్ను సతాయించినందుకు కోపమంతా పోయేది.

ఇంతవరకే అయితే నేనీ కథ రాసేదాన్ని కాదు.

ఒకసారి ఏదో సినిమాలో తల్లి చనిపోతే ఆంటీ లేచి, "మా అమ్మకి బాగోలేదు, రైలు టిక్కెట్టు తియ్యండి" అని ఏడుపు మొదలుపెట్టింది. ఆవిడ తల్లి పోయి ఎన్నో ఏళ్లయింది. ఆయన నచ్చచెప్పలేక అలిసిపోయారు. మర్నాడు ఆ సినిమాను మళ్లీ తెరిచి చావును కోసేశారు. తల్లి మంచం మీద దగ్గుతుంది, మరుక్షణం కూతురు పెళ్లిపీటల మీద ఉంటుంది. మధ్యలో ఆ తల్లి ఏమైందని అడిగేవాళ్లెవరూ లేరు. పని బాగా జరిగిందని ఆయనకి సంతోషం. నేనూ మెచ్చుకున్నాను, నిజానికి అతుకు కనిపించలేదు.

తర్వాత రైళ్లు పోయాయి, రైలు చూస్తే ఆంటీ బ్యాగు సర్దుకుంటుందని. తర్వాత ఆస్పత్రులు పోయాయి. మొగుడు పెళ్లాన్ని కసిరే సీన్లు పోయాయి. ఆయన సినిమాల్లో ఇక ఎవరూ చనిపోరు, ఎవరూ ఊరు వదిలి వెళ్లరు. ప్రతినాయకుడు కూడా చావడు, కత్తి పట్టుకుని నిలబడి ఉండగానే శుభం కార్డు పడుతుంది. ఆంటీ ఏడవడం మానేసింది. దాంతోపాటు చూడడం కూడా మానేసిందని నాకనిపించింది. ఇదివరకు పాటలకి పెదాలు కదిపేది, దుష్టుణ్ణి తిట్టేది. ఇప్పుడు గోడను చూసినట్టు టీవీని చూస్తోంది.

ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను. "గిట్ల కోసుకుంట పోతే సినిమాల ఏం మిగులుతది అంకుల్?"

"ప్రశాంతత మిగుల్తుంది" అన్నారు.

"ఆంటీకా, మీకా?"

ఆయనకి కోపం వచ్చింది. నా మీద మొదటిసారి, ఆఖరిసారి కూడా. "అది ఏడుస్తుంటే పక్కన కూర్చుని చూడు, అప్పుడు చెప్పు" అన్నారు. నేను లేచి వచ్చేశాను. రెండు మూడు రోజులు మాటల్లేవు. ఆ తర్వాత ఆయనే వచ్చి, డిస్కు నిండిపోతోంది, ఏం చెయ్యమంటావని అడిగారు. చూస్తే పాత ప్రతులు ఒక్కటీ లేవు. కోసిన సినిమా తయారుకాగానే అసలుది తీసేస్తున్నారు. ఆయన ఆఫీసులో అదే పద్ధతట. ఫెయిర్ కాపీ మీద సంతకం అయ్యాక డ్రాఫ్టు ఉంచకూడదు, ఉంచితే ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు తప్పుది చేతిలోకి తీసుకుంటారు. ఇది ఫైలు కాదు అంకుల్ అన్నాను. ఏదైనా ఫైలేనమ్మా అన్నారు.

ఇక ఆ రోజు సంగతి. ఆంటీ మందులు తీసుకోవడానికి ఆయన డిస్పెన్సరీకి వెళ్తూ ఆవిణ్ణి మా ఇంట్లో కూర్చోబెట్టారు. పెన్‌డ్రైవ్ ఇచ్చి వెళ్లారు గానీ నా టీవీకి అది ఎక్కలేదు. నేను దానితో కుస్తీ పడుతుంటే ఆంటీ రిమోట్ తీసుకుని తనే ఏదో నొక్కింది. తెలుగు ఛానల్లో సినిమా వస్తోంది. తల్లి మంచం మీద దగ్గుతోంది. అంకుల్ దగ్గర నేను చూసిన ఆ సినిమాయే. ఆయన దాంట్లో దీని వెనకే పెళ్లి. ఇక్కడ మాత్రం కూతురు వచ్చింది, తల్లి ఏదో చెప్పబోయింది, చెయ్యి జారిపోయింది.

నేను కంగారుగా రిమోట్ అందుకోబోయాను. ఆంటీ నా మణికట్టు పట్టుకుంది. ముసలి చేతికి అంత బలం ఉంటుందనుకోలేదు.

"ఆపకమ్మాయ్" అంది.

చాలాసేపు ఏడ్చింది. రైలు టిక్కెట్టు అడగలేదు. ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగింది. నన్ను అలా తిన్నగా చూడడం అదే మొదలు.

"మా అమ్మ పోయినప్పుడు నేను బాలింతనమ్మాయ్. అమ్మ మంచంలో ఉందని పురుడు ఇక్కడే ఢిల్లీలో పోసుకున్నాను. పిల్ల పుట్టి ఇంకా పురిటిస్నానం కూడా కాలేదు. పాలు ఎండిపోతాయని నాకు చెప్పలేదు. కర్మలన్నీ అయిపోయాక చెప్పారు. అప్పటికి అందరూ ఏడ్చేసి కళ్లు తుడుచుకున్నారు. నేనొక్కదాన్నీ ఏడుస్తుంటే, ఇంకా ఏంటే, పిల్లకి పాలియ్యి అన్నారు."

"ఎవరు చెప్పలే ఆంటీ?"

"ఇంకెవరు? ఫోను ఈయన ఆఫీసుకే వచ్చింది."

ఇది జరుగుతుండగానే అంకుల్ వచ్చారు. తలుపు తీసే ఉంది. చేతిలో మందుల సంచి. టీవీ వైపు చూశారు, ఆంటీ ముఖం చూశారు. ఆవిడ లేవలేదు.

"ఏమండీ, మా అమ్మ పోయిన సంగతి మీకు ముందే తెలుసు కదూ?"

ఈయన ఇప్పుడు కూడా పరిశీలనలో ఉందంటే కొట్టేస్తానేమో అనుకున్నాను. ఆయన అలా అనలేదు. "తెలుసు" అన్నారు.

"మరి అన్ని రోజులు నా పక్కన అన్నం తిని, పిల్లనాడించి, ఎలా ఉండగలిగారండీ?"

"నీ కోసమే అనుకున్నానే."

"నా కోసం చేశారు, సరే. మరి మా అమ్మ కోసం నేను ఏడవొద్దూ?"

ఆయన అక్కడే గుమ్మం పక్కన చెప్పుల బల్ల మీద కూర్చుండిపోయారు. మొగుడూపెళ్లాల మధ్య నేనెందుకని వంటింట్లోకి వెళ్లి కాఫీ పెట్టాను. నేను తిరిగొచ్చేసరికి ఆవిడ కళ్లు తుడుచుకుని, "అమ్మాయ్, మీ అమ్మగారు కులాసానా? ఫోన్ చేస్తుంటావా?" అని అడిగింది. చేస్తున్నానన్నాను. "చేస్తుండు" అంది. కాఫీ సగం తాగేసరికి ఆవిడ మళ్లీ మతిమరుపులోకి వెళ్లిపోయింది. ఇంటికి ఎప్పుడెళ్తామని ఆయన్ని అడగడం మొదలుపెట్టింది. ఆయన లేచి చెప్పులేసుకున్నారు.

మర్నాడు పొద్దునే పిలిచారు. అంతకుముందెప్పుడూ లేనంత మెల్లగా అడిగారు. "తీసేసినవి మళ్లీ వస్తాయా అమ్మా?"

"ఎప్పటికప్పుడు ఆ జాగల్నే కొత్త సినిమాలు రాసుకుంట పోయిన్రు కదా అంకుల్. రావు."

"అచ్ఛా" అన్నారు. కళ్లజోడు తీసి బనీను అంచుతో తుడుస్తూనే ఉండిపోయారు. సినిమాల సంగతే అడుగుతున్నారని ఆ క్షణంలో నాకు అనిపించలేదు.  పక్కనే నిలబడ్డాను.

ఆ తర్వాత ఆయనకి ఒకటే పని. ఛానళ్ల వాళ్లు రాబోయే సినిమాలు ప్రకటిస్తారు కదా, వాటిని రోజూ గాలించేవారు. తను కోసేసిన సినిమా మళ్లీ వస్తుందేమోనని చూపు. కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. వచ్చినవాటిలో ప్రకటనలు తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. చావు సీన్ దగ్గరపడుతుంటే తువ్వాలు తెచ్చుకుని ఆవిడ పక్కన కూర్చునేవారు.

దీంతో ఆవిడకి బాగైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఎప్పుడో ఒకసారి తెలివిలోకి వచ్చి తల్లి గురించి రెండు మాటలు చెప్పేది. ఎక్కువసార్లు ఎందుకు ఏడుస్తోందో తనకే తెలిసేది కాదు. ఒకసారి ఆయన్ని ఎవరో అనుకుని చెంప మీద కొట్టింది. ఇన్ని చూశాక మళ్లీ కోసెయ్యండి అంకుల్ అని నేనే అన్నాను. ఏడిపించడం మంచిదా, మరపించడం మంచిదా, నాకు అప్పుడూ తేలలేదు, ఇప్పుడూ తేలలేదు.

"అప్పుడు తప్పించుకున్నానమ్మా. ఇప్పుడు పక్కన కూర్చుంటున్నాను. ఈ మాత్రమైనా చెయ్యనీ" అన్నారు.

ఒక సాయంత్రం పార్కులో కలిశారు. ఆంటీ బెంచీ మీద కూర్చుని కుక్కపిల్లతో మాట్లాడుతోంది. ఆయన నన్ను పక్కకి పిలిచారు.

"నేను ముందు పోతే నువ్వూ అమ్మాయీ దానికి చెప్పండి. దాచొద్దు. ఆ రోజే చెప్పండి. ఒక్కసారి కడుపారా ఏడవనిచ్చాక, మళ్లీ అడిగితే మీ ఇష్టం."

"గసుంటి మాటలెందుకు అంకుల్?" అన్నాను. "దీదీకి చెప్పిన్రా ఈ మాట?"

"ఎలా చెప్పను? ఏడుస్తుంది. పరిశీలనలో ఉంది."

నాకు ఒళ్లు మండింది. ఇంత జరిగాక కూడా కూతురి దగ్గర అదే పని! ఆ మాట పైకే అన్నాను. ఆయన నవ్వారు. చెప్తాలే అన్నారు. చెప్పలేదు.

చలికాలంలో ఒక పొద్దున పాల ప్యాకెట్లు తెద్దామని దిగి లిఫ్ట్ దగ్గర కూలిపోయారు. గార్డు భయ్యా, నేను కలిసి కార్లో వేసుకుని వెళ్లాం. ఆస్పత్రి వాళ్లు చూసి తల అడ్డంగా ఊపారు. ఆయన చొక్కా జేబులో సినిమాల పెన్‌డ్రైవ్ ఉంది. దాన్ని నా చేతికిచ్చారు.

గురుగ్రామ్ నుంచి దీదీ, ఆమె భర్త వచ్చారు. శవాన్ని ఇంటికి తీసుకురాలేదు, అటు నుంచి అటే దహనానికి తీసుకెళ్లారు. ఆ మధ్యాహ్నమంతా ఆంటీ మా ఇంట్లోనే ఉంది. "ఈయనేరీ?" అని అడిగినప్పుడల్లా వస్తారని చెప్పాను. ఆ మాట చెప్పమని దీదీ నా చేతులు పట్టుకుని బతిమాలి వెళ్లింది.

సాయంత్రం దీదీ తలస్నానం చేసి తడి జుట్టుతో మా వంటింట్లోకి వచ్చింది. "మమ్మీ కో నహీ బతానా హై" అంది. అమ్మకి చెప్పేది లేదు. టూర్ మీద వెళ్లారని చెప్తాం, ఎలాగూ మర్చిపోతుంది.

"దీదీ, చెప్పమని అంకులే అన్నరు" అన్నాను హిందీలో.

ఆమె నమ్మలేదు. "పాపా? అరే, సినిమాల్లో చావులన్నీ కోసేసింది పాపాయే కదా! ఆయన చేసిందే నేనూ చేస్తున్నాను" అంది. "నాకెందుకు చెప్పలేదు మరి?"

"మీరు ఏడుస్తరని."

దీదీ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. "వాహ్ పాపా" అంది. అప్పుడు అమ్మమ్మ సంగతి చెప్పాను. చెప్పాలో లేదో తెలియలేదు, అయినా చెప్పాను. ఫోను ఆఫీసుకి రావడం, పాలు ఎండిపోతాయని దాచడం, అన్నీ. దీదీ గ్యాస్ స్టవ్ గట్టు పట్టుకుని నిలబడి విన్నది.

"నేను పుట్టినప్పుడా?" అంది చివరికి. "నా పాల కోసమా?"

నేను తలూపాను. ఆమె తడి జుట్టు ముడేసుకుంది. తర్వాత, "మీరే చెప్పండి. నాకు తెలుగులో ఆ మాటలు రావు. నా హిందీ మమ్మీకి అర్థం కాదు" అంది.

ముగ్గురం సోఫాలో కూర్చున్నాం. టీవీ ఆపేశాను. ఆంటీ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. 

"ఆంటీ, మీకొక మాట చెప్పాలె. అంకుల్ చనిపోయిన్రు."

ఆవిడ నన్ను చూసింది, దీదీని చూసింది. "ఎప్పుడు?" అంది.

"ఇయ్యాల పొద్దున."

"ఇవాళేనా?"

"ఇయ్యాలనే ఆంటీ."

"ఇవాళే చెప్పావు. మంచిపని చేశావమ్మాయ్" అంది.

అప్పుడు ఏడ్చింది. మావైపు ముసలమ్మలు ఏడ్చినట్టే మాటలు కట్టి, ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ ఏడ్చింది. గుండీ ఊడిన చొక్కా వేసుకుని తిరుగుతుంటే కుట్టలేదని ఏడ్చింది. చారులో ఉప్పెక్కువైందన్నందుకు కసిరానని ఏడ్చింది. ఈ ఊరు కాని ఊళ్లో తెలుగు మాట వినిపించిందే మీ నోట, నన్ను ఎవరితో మాట్లాడమని పోయారండీ అని ఏడ్చింది. చుట్టుపక్కల ఫ్లాట్ల తలుపులు తెరుచుకున్నాయి. దీదీ తల్లిని వాటేసుకుని, "క్యా బోల్ రహీ హై? మమ్మీ ఏమంటోంది?" అని నన్ను అడుగుతోంది. నేను ఒక్కో మాటా ఆమెకి హిందీలో చెప్తూ, నేనూ ఏడ్చాను. ఆఖరి మాట మాత్రం చెప్పలేకపోయాను. ఆమె అడగలేదు కూడా. అర్థమైందేమో.

ఆ తర్వాత ఆంటీ అలిసిపోయి దీదీ ఒళ్లోనే నిద్రపోయింది.

పొద్దున నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఆవిడ స్నానం చేసి, జడ వేయించుకుని, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. ముఖం తేటగా ఉంది. దీదీ కాఫీ కలుపుతోంది. ఆంటీ గది వైపు ఒకసారి తొంగిచూసి, "ఏమ్మా, మీ నాన్న కాఫీ తాగారా?" అంది.

దీదీ చెంచా ఆపింది. నా వైపు చూసింది. ఆయన చెప్పమన్నది నిన్ననే చెప్పేశాం, మళ్లీ అడిగితే మీ ఇష్టమన్నారు. దీదీ కాసేపు మాటలు వెతుక్కుంది.

"తాగారు అమ్మా" అంది తెలుగులో.

"అయితే నాకూ కాస్త ఇవ్వు" అంది ఆంటీ.